కంప కొట్టేసినంక చాటు యాడుంది?

(కర్నూలులో సోషల్ వర్క్ చదివే పిల్లలు, వార్డు మహిళా సంఘాల వాళ్ళు కలిసి పెట్టుకున్న మీటింగులో మాట్లాడింది, రికార్డింగు విని రాసినది)

అందరికీ నమస్కారం. వెనకవరకు వినిపిస్తాందా? ఆ అక్కలు యాల నిలబడినారు, ముందుకు రాండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

నేను చానా ఏండ్లు కమ్యూనిటీ ఆర్గనైజరుగా పనిచేసి రిటైరయినా. ఆ పని అంటే ఏందంటే పేటల్లో తిరగడం, ఆడోళ్ళ సంఘాలు పెట్టించడం, రేషన్ కార్డు లేనోళ్ళవి రాసుకోవడం, స్థలం లేనోళ్ళ లిస్టు తయారు చేసి పైకి పంపడం. లిస్టు రాసిన చెయ్యి ఇది. అందుకే లిస్టులో పేరొచ్చినంక ఆ కుటుంబానికి ఏమయిందో చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటాను, ఈరోజు దాని గురించే మాట్లాడతా.

మన ఊర్లో ఈ మాట ఎత్తితే 2009 నుంచి మొదలుపెట్టాల్సిందే. అక్టోబర్ 2, గాంధీ జయంతి రోజు. తుంగభద్ర ఒకపక్క, హంద్రీ ఒకపక్క, రెండూ ఊర్లోకి వచ్చేసినాయి, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన నీళ్ళొచ్చినాయి, అంత వస్తాయని డ్యాం కట్టినప్పుడు ఎవరూ అనుకోలేదు. మీలో చానామంది అప్పుడు చిన్నపిల్లలు. మిద్దెలున్నోళ్ళవి కూడా మునిగినాయి, నేను కాదనను, కానీ నీళ్ళు పోయినంక వాళ్ళు బురద కడుక్కోని మళ్ళీ అదే ఇంట్లోకి పోయినారు. హంద్రీ గట్టున మట్టిగోడలు, రేకులు, తడికెలతో ఉన్నోళ్ళకు కడుక్కోవడానికి గోడే లేదు. పట్టా లేదు, ఇల్లు లేదు, ఇక్కడ నాకు ఇల్లుండేది సారూ అని చెప్పడానికి చేతిలో ఒక కరెంటు బిల్లో, తడిసిన రేషన్ కార్డో. కొందరికి అదీ లేదు. పక్కింటామె సాక్ష్యం, ఆమెకు ఈమె సాక్ష్యం. అట్లా రాసుకున్నాం పేర్లు.

సరే, స్థలం లేనోళ్ళకు స్థలం ఇయ్యాల, ఏటి ఒడ్డు నుంచి, కాలువ గట్టు నుంచి తీసకపోయి మంచి జాగాలో పెట్టాల, ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. నేను చెప్పబోయేది ఒకే విషయం, ఏది ముందు ఏది వెనక అనేది. ఆ వరుస తప్పితే ఇచ్చిన స్థలం కూడా శిక్ష మాదిరి అయిపోతాది.

మన జిల్లాలోనే ఒక టౌను బయట, పేరు వద్దులే, ఒక లేఅవుట్ వేసినారు. సుమారు రెండొందల కుటుంబాలకు. గరుసు నేల, దాన్నిండా సర్కారు కంప. మీకు తెలుసు కదా ఆ కంప, ఒక్కసారి పట్టుకునిందంటే మనిషి దూరలేడు, ముల్లు దిగితే వారం రోజులు సలుపు. మూడు రోజులు జేసీబీలు పెట్టి మొత్తం కొట్టేసి, చదును చేసి, సున్నంతో గీతలు గీసి, హద్దురాళ్ళు పాతినారు. నేను పోయి చూసినప్పుడు నాకు కండ్లల్లో నీళ్ళొచ్చినాయి, నిజంగా, ఎంత బాగుందంటే పెద్ద మైదానం మాదిరి, వరసగా రాళ్ళు, వీటి కోసమే కదా ఇన్నేండ్లు తిరిగింది అనిపించింది. నాతో పాటు యాభై ఏండ్ల ఒకామె వచ్చింది, ఉల్లిగడ్డ మార్కెట్లో గ్రేడింగుకు పోతాది ఆమె. అంతా తిరిగి చూసి, ఒకచోట నిలబడి చుట్టూ నాలుగు పక్కలా చూసి, "జాగా బాగుంది మేడం, మరి చాటు యాడుంది?" అనింది.

నాకు అర్థం కాలేదు మొదట. ఏం చాటు అంటాను నేను. ఆమె నా మొగం చూసి ఇంక వివరంగా చెప్పలేక "పొద్దున్నే" అనింది. అప్పుడు తగిలింది నాకు. ఆ చుట్టుపక్కల ఉండే ఆడోళ్ళు ఇన్నేండ్లు దొడ్డికి పోయేది ఆ కంపలోకే. ముల్లుంటే ఉండనీ, పాముంటే ఉండనీ, కనీసం ఎవరికీ కనపడరు. మనం ఇండ్ల కోసమని ఆ కంప మొత్తం కొట్టేసినాం. అక్కడ అప్పటికి ఒక్క మరుగుదొడ్డి కట్టలేదు. అంటే రేపు రెండొందల కుటుంబాలు ఆ బయల్లో ఇండ్లు కట్టుకుంటా, బేల్దారి పనోళ్ళు, ట్రాక్టర్లోళ్ళు, ఇసుక లారీలోళ్ళు అందరూ తిరుగుతాంటే, ఆడోళ్ళు యాడికి పోవాల? ఇల్లు కట్టడానికి ఆరు నెలలో, సంవత్సరమో, డబ్బు లేకపోతే ఐదేండ్లో. అన్ని రోజులు యాడికి పోవాల?

లేఅవుట్ మ్యాపులో రోడ్లున్నాయి, పార్కుకు జాగా ఉంది, గుడికి జాగా ఉంది. ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎందుకంటే మ్యాపు గీసినోళ్ళకు ఎప్పుడూ ఈ అవసరం పడలేదు.

ఆ ఆడోళ్ళు ఏం చేసినారో తెలుసా. కొందరు సాయంత్రం నుంచి నీళ్ళు తాగడం మానేసినారు. రాత్రి సంగటి సగం తిని లేసేది, మళ్ళీ తెల్లారుజామున నాలుగ్గంటలకు ఇద్దరు ముగ్గురు కలిసి దూరంగా రోడ్డు దాటి పోయేది. చీకట్లో టార్చిలైటు వేస్తే సిగ్గు, వేయకపోతే పురుగూ పుట్రా. వయసొచ్చిన ఆడపిల్లలను వాళ్ళ అవ్వల దగ్గరికి, పాత పేటకే తిరిగి పంపించేసినారు. ఆ పిల్లల బడి ఏమయింది? ఇక్కడ పేరు తీసేసినారు, అక్కడ మళ్ళీ చేర్చలేదు. ఒక చాటు లేకపోవడం అనేది ఎంత దూరం పోతాదో చూడండి.

కాబట్టి నేను ఎక్కడికి పోయినా చెప్పేది, కంప కొట్టే రోజే మరుగుదొడ్ల గుంతలు కూడా తవ్వాల. వీలైతే ఒకపక్క కంప అట్లే వదిలిపెట్టి, గుంతలు, బేసిన్లు, నాపబండల గోడలు అన్నీ అయినంక చివర్లో దాన్ని కొట్టాల. నాపబండలు అంటే మనకు దొరికేదే, బేతంచర్ల పక్క నుంచి వస్తాది, నిలువు బండలు నాలుగు పాతి ఒక తలుపు పెడితే చాటయిపోతాది, మూడు పక్కల ఇటుక కట్టి ప్లాస్టరింగు చేసి టైల్సు వేసే వరకు ఆగాల్సిన పని లేదు. ఇల్లు వాళ్ళు కట్టుకుంటారు, మెల్లగా కట్టుకుంటారు, ముందు రేకు, తర్వాత గోడ, తర్వాత స్లాబు. కానీ మరుగుదొడ్డి, నీళ్ళు, కాలువ మెల్లగా వస్తాయంటే కుదరదు, అవి మొదటి రాత్రికే కావాల.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1977లో మద్రాసులో ప్రపంచ బ్యాంకు అప్పు తీసుకోని అరుంబాక్కం పక్క ఇట్లా చేసినారు, సైట్స్ అండ్ సర్వీసెస్ అంటారు దాన్ని. ప్రభుత్వం ఇల్లు కట్టియ్యదు, స్థలం, రోడ్డు, నీళ్ళు, మురుగు కాలువ, మరుగుదొడ్డి సౌకర్యం ఇస్తాది, ఇల్లు మీ చేతనైనట్టు కట్టుకోండి అని. చానా ఏండ్ల తర్వాత పోయి చూసినోళ్ళు రాసినారు, అక్కడ ఒక అంతస్తుతో మొదలుపెట్టినోళ్ళు రెండు మూడు అంతస్తులు వేసుకున్నారు, అంగళ్ళు వచ్చినాయి, అద్దెలకిచ్చినారు, మామూలు ఊరు మాదిరి అయిపోయింది. ఇంకో హైదరాబాద్ ఉంది, మనది కాదు, పాకిస్తాన్‌లో సింధ్ హైదరాబాద్, అక్కడ 80ల చివర్లో ఖుదా కీ బస్తీ అని ఒకటి చేసినారు, 1995లో ఆగాఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు కూడా వచ్చింది దానికి. దాంట్లో గొప్ప సంగతి ఏందంటే, కాగితాలు చూడరు, సామాన్లు, పిల్లలు అందరితో వచ్చి అక్కడ ఒకచోట కొన్ని రోజులు ఉండాల, నిజంగా ఇల్లు లేనోడైతేనే వచ్చి ఉంటాడు కదా, వాళ్ళకే ప్లాటు. స్థలాలు కొని పెట్టుకునే బ్రోకర్లు భార్యాబిడ్డలతో వచ్చి బయల్లో పడుకోరు. మన దగ్గర పదహారు కాగితాలు అడిగినా ఆపలేకపోయిన దాన్ని వాళ్ళు ఆ ఒక్క పనితో ఆపినారు. కానీ వాళ్ళ పద్ధతిలో నాకు ఒప్పుకోబుద్ధి కానిది ఒకటుంది, ఇంటింటికీ నీళ్ళు, మురుగు లైన్లు తర్వాత వాయిదాల మీద వస్తాయి అనేది. ఏప్రిల్, మేలో ఇక్కడ మన ఎండకు, నీళ్ళు లేని బయల్లో వారం ఉండమంటే చంటిపిల్లలు బతకరు.

ఇప్పుడు కొంచెం లెక్కల్లోకి పోదాం, ఓపిగ్గా వినండి, ఇది ముఖ్యం.

2020 డిసెంబర్ 25న రాష్ట్రమంతా ఇంటి పట్టాలు ఇచ్చినారు కదా, 30 లక్షల మందికి పైనే, ఆడోళ్ళ పేరు మీద. టౌనులో ఒక సెంటు, పల్లెలో సెంటున్నర. 2024లో ప్రభుత్వం మారినంక టౌనులో 2, పల్లెలో 3 సెంట్లు అన్నారు. ఏ ప్రభుత్వం అనేది నాకు వద్దు, నేను స్థలం గురించి మాట్లాడతాండా. ఆడోళ్ళ పేరు మీద ఇయ్యడం అనేది మాత్రం రెండు చేతులెత్తి మొక్కాల్సిన విషయం, అనంతపురంలో ఫెర్రర్ గారు పెట్టిన ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు ఎన్నో ఏండ్లుగా ఇండ్లు ఆడోళ్ళ పేరు మీదే రాయిస్తా వచ్చినారు, తాగొచ్చి ఇల్లు అమ్మేస్తా అనే మొగుడికి ఆ ఒక్క సంతకం అడ్డం.

ఒక సెంటు అంటే 48 గజాల చిల్లర, 435 చదరపు అడుగులు. సుమారుగా 18 అడుగులు వెడల్పు, 24 అడుగులు పొడుగు. ఇప్పుడు మరుగుదొడ్డి. మనకు అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ లేని చోట అన్నిటికంటే మంచిది రెండు గుంతల లెట్రిన్. ఒక్కో గుంత మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు, చుట్టూ సందులు వదిలి ఇటుక కట్టాల లేకపోతే బెజ్జాలున్న రింగులు దించాల, అడుగు మట్టే ఉండాల, సిమెంటు వేయకూడదు. నీళ్ళు భూమిలోకి ఇంకిపోతాయి. అయిదారుమంది ఉండే ఇంటికి ఒక గుంత సుమారు మూడేండ్లు వస్తాది, అది నిండితే మధ్యలో ఉన్న చిన్న తొట్టిలో అడ్డం మార్చి రెండో దాంట్లోకి తిప్పుకోవాల, మొదటిది మూసి రెండేండ్లు వదిలితే మట్టి అయిపోతాది, వాసన కూడా ఉండదు, ఇంటోళ్ళే పారతో తీసి చెట్టుకు వేసుకోవచ్చు. బేసిన్ వాటం ఎక్కువుండే రకం, రూరల్ పాన్ అంటారు షాపులో, అది పెడితే రెండు లీటర్ల నీళ్ళు చాలు, ఒక చిన్న బక్కెట్టు.

చానామంది మేస్త్రీలు ఏం చేస్తారంటే ఒకే గుంత, లోతుగా, పది రింగులు. ఖర్చు తక్కువ, చూడ్డానికి పెద్దగా ఉంటాది. అది నిండిన రోజు ఎవరు దిగాల దాంట్లోకి? మనుషుల చేత పాకీ పని చేయించకూడదని 1993లో చట్టం వచ్చింది, మళ్ళీ 2013లో ఇంకా గట్టిది వచ్చింది. చట్టాలున్నా ట్యాంకుల్లో దిగి ఊపిరాడక చచ్చిపోయే పిల్లలు ఏ కులం పిల్లలో మీకు నేను చెప్పాల్నా? ఒక గుంతకు, రెండు గుంతలకు మధ్య తేడా ఏవో కొన్ని ఇటుకలు కాదమ్మా, ఒక మనిషిని దాంట్లోకి దించుతామా లేదా అనేది.

ఇంకోటి. గుంతకు, తాగునీటి బోరుకు కనీసం 10 మీటర్ల దూరం ఉండాలంటారు, మన మాదిరి రాతినేలలో పగుళ్ళుంటే ఇంకా దూరం కావాల. 10 మీటర్లంటే 33 అడుగులు. స్థలం పొడుగే 24 అడుగులు! అంటే ఒక సెంటులో గుంత ఉంటే బోరు ఉండకూడదు, పక్కింట్లో కూడా ఉండకూడదు. మరి కొళాయి రాకపోతే జనం ఏం చేస్తారు, నలుగురు చందాలేసుకోని బోరు వేస్తారు, వీళ్ళ గుంతలోది వాళ్ళ బోర్లోకి. 2021 ఏప్రిల్లో మన పాణ్యం దగ్గర గోరుకల్లులో, ఆదోనిలో వాంతులు భేదులతో ఎంతమంది ఆస్పత్రుల పాలయినారో మీకు గుర్తుంటాది. తాగే నీళ్ళలో మురికి కలిస్తే ఏమయితాదో మనకు ఇంకెవరో చెప్పక్కరలేదు.

అందుకే నీళ్ళు పైపులో రావాల్సిందే. ట్యాంకరుతో సరిపెడతాం అంటారు. డ్రైనేజీ లేని టౌనులో మనిషికి రోజుకు 70 లీటర్లు అని లెక్క ఉంది. ఐదుగురికి 350 లీటర్లు. రెండొందల ఇండ్లకు 70,000 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు రోజుకు 14 రావాల. నేను చూసిన లేఅవుట్‌కు రెండు వచ్చేవి, ఒక్కోరోజు ఒకటి. ఆ నీళ్ళతో వంట చేస్తారా, మరుగుదొడ్డిలో పోస్తారా? కట్టిచ్చినా వాడటం లేదు మేడం వీళ్ళు, కట్టెలు పెట్టుకున్నారు లెట్రిన్లో అని ఒకాయన నాతో కోపంగా అన్నాడు. నీళ్ళు లేని లెట్రిన్లో కట్టెలు కాకుండా ఏం పెడతారు స్వామీ!

ఇంక వాటం. ఇది మా బేల్దారి తాత ఒకాయన నేర్పించినాడు నాకు. ఆ లేఅవుట్‌లోనే మొదటి వానకు పైవీధి నీళ్ళన్నీ కిందివీధిలోకి దిగినాయి, కింద చివరి వరసలో ఉన్న పదిహేనో ఇరవయ్యో ఇండ్లు మోకాలి లోతు. హంద్రీ నుంచి తప్పించుకోని వచ్చి మెట్ట మీద మునిగినారు వాళ్ళు. ఎట్లా అయింది ఇది అంటే, కాగితం మీద రోడ్లు నిలువూ అడ్డం చక్కగా గీసినారు గానీ నేల ఏ పక్కకు వాలిందో చూడలేదు. ఆ తాత లెవల్ పైపు తెచ్చినాడు, మామూలు తెల్లపైపులో నీళ్ళు పోసి రెండు కొసలా ఇద్దరు పట్టుకుంటారే అది, పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి మొత్తం వాటం గుర్తులు పెట్టేసినాడు. కాలువకు వంద అడుగులకు అర అడుగన్నా వాటం ఉండాల, లేకపోతే నీళ్ళు పోవు, నిలబడి దోమలు పెరుగుతాయి అన్నాడు. అన్నిటికంటే కింది కొసన ఇండ్లు ఇయ్యకుండా వంక వదిలిపెట్టాల, అది నీళ్ళ దోవ, దాన్ని ప్లాట్లు కింద కొయ్యకూడదు అన్నాడు. చదువుకోలేదు ఆయన. ఆ ఒక్క పూట పని ముందే చేసింటే ఆ పదిహేను ఇరవై ఇండ్లోళ్ళు మునిగేవాళ్ళు కాదు.

రేగడి నేలయితే ఇంకో కథ. అది ఎండకు పగులుతాది, వానకు ఉబ్బుతాది, గోడలు చీలుతాయి, గుంతలో నీళ్ళు ఇంకవు. అక్కడ పునాది కింద రేగడి తీసేసి గరుసు నింపాల, గుంత చుట్టూ ఇసుక పోయాల. ఇదంతా ఖర్చే. ఫ్రీగా స్థలం ఇచ్చినాం కదా అనేవాళ్ళు ఈ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చూడరు.

ఇప్పుడు వెనక్కి పోయినోళ్ళ గురించి. పట్టా ఇచ్చినా మళ్ళీ పాత గుడిసెల్లోకే పోయినారు, వీళ్ళకు అలవాటయిపోయింది ఆ మురికి, అని మీరు చానా చోట్ల వింటారు. నాకు ఒళ్ళు మండే మాట ఇది. ఆ ఉల్లిగడ్డల గ్రేడింగు ఆమె కూలికి పోవాలంటే తెల్లారుజామునే మార్కెట్ యార్డు దగ్గర ఉండాల. పాత పేట నుంచి నడిచిపోయేది. కొత్త జాగా నుంచి రెండు ఆటోలు మారాల, ఆ టైముకు ఆటోలే లేవు. ఇండ్లల్లో పనిచేసే ఆడోళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోవాల, నాలుగు ఛార్జీలు. వచ్చే జీతంలో మూడో వంతు ఆటోకే. అట్లాంటప్పుడు వెనక్కి పోవడం తెలివిగల పనే, తప్పెట్లా అయితాది?

ఇంకా ఘోరం లాటరీ. చీటీలు తీసి ప్లాట్లిచ్చినారు, పక్షపాతం లేకుండా అని. మంచి ఉద్దేశమే. కానీ ఇరవై ఏండ్లు పక్కపక్కన బతికినోళ్ళు తలా ఒక మూలకు పడినారు. ఒక గుడ్డవ్వ ఉండేది, కొడుకు లేడు, పేటలో ఆమెకు వరసగా నాలుగిండ్లోళ్ళు బువ్వ పెట్టేది, దొడ్డికి చెయ్యి పట్టుకోని పిలుచుకుపోయేది. కొత్త జాగాలో ఆమెకు మూలప్లాటు వచ్చింది, కార్నర్ ప్లాటవ్వా నీ అదృష్టం అన్నారు. చుట్టూ ఎవరూ తెలిసినోళ్ళు లేరు. ఆ చీటీల రోజు నేను అక్కడే ఉన్నా, నోరు తెరవలేదు, అది తప్పయింది నాది. ఆ తర్వాత నుంచి నేను పనిచేసిన ప్రతిచోటా పట్టుపట్టినా, చీటీ మనిషికి కాదు, వీధికి తీయండి అని. పది పన్నెండు ఇండ్లు ఒక జట్టుగా పేర్లిస్తారు, ఏ జట్టుకు ఏ వీధి అనేది చీటీ. పక్షపాతం ఉండదు, పక్కిల్లు పోదు.

(సభలో ఒక విద్యార్థి: మేడం, పట్టా లేకుండా ఉన్నోళ్ళను ఖాళీ చేయిస్తే చట్టం ఏమంటాది?)

మంచి ప్రశ్న నాయనా. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉన్నోళ్ళ కేసు అది, సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే బతుకుదెరువు కూడా ప్రాణహక్కులో భాగమే అనింది. పూర్తిగా వాళ్ళను అక్కడే ఉండనియ్యలేదు, అది కూడా నిజాయితీగా చెప్పాల, కానీ నోటీసియ్యకుండా, వాళ్ళ మాట వినకుండా తీయకూడదనింది, వానాకాలం పోయేదాకా ఆపమనింది. ఇరవై ఏండ్లుగా ఉండి బాగుపడిన బస్తీలను ప్రజావసరమైతేనే, అదీ వేరే చోటు చూపించే తీయాల అనింది. ఆ వేరే చోటు ఎట్లుండాలనేది పోరాడి సాధించాల్సింది మనం.

(ఒక మహిళ: మా కాలనీలో అందరికీ కలిపి ఒకటే లెట్రిన్ల బిల్డింగు కట్టినారు మేడం, తాళం వేసి పెట్టినారు.)

తాళం ఎవరి దగ్గరుంది అక్కా? ... చూడండి, ఆమెకు తెలీదు. పొత్తు లెట్రిన్లు నేను వద్దనను, ఇండ్లు కట్టుకునే ఆ సంవత్సరం అవి తప్పవు. కానీ కడిగేది ఎవరు, జీతం ఎవరిస్తారు, మోటరు కాలితే ఎవరు బాగు చేయిస్తారు, ఈ మూడూ కట్టకముందే రాసుకోవాల. లేకపోతే నాలుగు నెలలకు తాళం పడతాది. నీ కాలనీ పేరు, నీ ఫోన్ నెంబరు మీటింగయినంక నాకు రాసియ్యి, రేపు పొద్దున ఇద్దరం కలిసి పోదాం, ముందు ఆ తాళం యాడుందో కనుక్కుందాం.

పిల్లలూ, మీలో ఎవరికైనా వీలుంటే రాండి. ఆదివారం నేను కొత్తగా చదును చేసిన ఒక లేఅవుట్‌కు పోతాండా, ఇంకా పట్టాలియ్యలేదు అక్కడ. లెవల్ పైపు నా దగ్గరుంది, బేల్దారాయనను కూడా రమ్మన్నా. పైపు రెండో కొస పట్టుకోవడానికి ఒకరు కావాల. ఎండ ఎక్కకముందే, ఆరు గంటలకు బస్టాండు దగ్గర ఉంటాం.